నల్లకాగితాల గది

మా ఇంటికి వీధిలో ఒక పేరుండేది. ఎవరైనా చిరునామా అడిగితే "నల్ల కిటికీల ఇల్లా? అదిగో, నాలుగోది" అనేవారు. విశాఖపట్నం వన్‌టౌన్‌లో, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి నడిచి వెళ్ళేంత దూరంలో, పెంకుటిళ్ళ వరసలో మాదొకటి. వీధివైపు గదికి రెండు కిటికీలు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆ రెండూ మూతపడ్డాయి. మళ్ళీ తెరుచుకునేసరికి నాకు పెళ్ళయి, చంకలో పాప కూడా ఉంది.

మొన్న మా అమ్మాయి వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ఒక కిటికీ గురించి పెద్ద మాటలే నడిచాయి. అప్పటినుంచి ఆ గది నా మనసులోంచి పోవడం లేదు.

1971 డిసెంబరు 3, శుక్రవారం. పాకిస్తాన్ విమానాలు మన పడమటి సరిహద్దు వైపు విమాన స్థావరాల మీద బాంబులు వేశాయని రేడియోలో చెప్పారు. నాన్నది రేవులో క్రేను మీద పని. ఆ వారం రాత్రి డ్యూటీ. టిఫిన్ క్యారేజీ సైకిలుకి తగిలించుకుని ఎప్పటిలాగే వెళ్ళిపోయారు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా అమ్మ గుమ్మంలోనే నిలబడింది. పౌర్ణమి వెళ్ళి ఒకటి రెండు రోజులే. వీధంతా పిండారబోసినట్టు వెన్నెల.

మామ్మ అప్పటికే ఒక యుద్ధం చూసిన మనిషి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేసినప్పుడు, ఎనిమిదేళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని, ఎడ్లబండి దొరక్క, మూట నెత్తిన పెట్టుకుని ఊరు దాటింది. అందుకని రేడియో మాట చెవిన పడగానే ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు. అటక మీంచి గోనెసంచులు దింపించి రెండు కిటికీలకీ మేకులతో కొట్టించింది.

"వెన్నెల పట్టపగల్లా కాస్తుంటే మన బుడ్డిదీపం ఎవరికి కనిపిస్తాది మామ్మా?" అని అక్క అడిగింది.

"వెన్నెల దేవుడిది. దీపం మనది. మనది మనం దాచుకోవాలి" అంది మామ్మ.

అర్ధరాత్రి దాటాక సముద్రం వైపునుంచి ఒక చప్పుడు వచ్చింది. అది ఉరుము కాదు. నేల లోపలినుంచి ఎవరో పెద్ద రోకలితో పొడిచినట్టు వచ్చింది. కిటికీ రెక్కలు దడదడలాడాయి. కిటికీ పైనున్న అర్ధచంద్రం రంగుటద్దాల్లో ఆకుపచ్చది పగిలి గోనె వెనకాల జారింది. అమ్మ మా ఇద్దరినీ మంచం కిందికి తోసేసింది. మామ్మ మాత్రం పీట మీదే కూచుని "నా కొడుకు రేవులో ఉన్నాడు తల్లీ" అని అమ్మవారికి చెప్పుకుంటూనే ఉంది. అంతకుమించి ఒక్క మాట లేదు. అదే మాట మళ్ళీ మళ్ళీ.

తెల్లారి ఆరున్నర దాటాక సైకిల్ బెల్లు వినిపించింది. ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ నీళ్ళ చెంబు పట్టుకెళ్ళి గుమ్మంలోనే నాన్న కాళ్ళ మీద పోసింది.

ఆ చప్పుడేమిటో మాకు వెంటనే తెలియలేదు. వేటకెళ్ళిన పడవలవాళ్ళకి నీళ్ళ మీద తేలుతున్న వస్తువులేవో దొరికాయని ఊళ్ళో అనుకున్నారు. డిసెంబరు 9న గాని నౌకాదళం బయటపెట్టలేదు. ఆ రోజు మార్గశిర గురువారం కూడా. మామ్మ అమ్మవారికి పసుపు కుంకుమలు ఇచ్చి వచ్చేసరికి రేడియో చెబుతోంది: పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరం దగ్గరే మునిగిపోయిందని. విక్రాంత్ నౌకని వెతుక్కుంటూ నవంబరు 14న కరాచీలో బయల్దేరి వచ్చిందట. విక్రాంత్ అప్పటికి అండమాన్ల దగ్గరుంది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన బాంబుల వల్ల మునిగిందని మనవాళ్ళు, లోపలే ఏదో పేలిందని పాకిస్తాన్‌వాళ్ళు ఇప్పటికీ చెబుతారు. దాంతోపాటు తొంభైమందికి పైగా మనుషులు పోయారు. ఆ మాట విని మామ్మ "వాళ్ళ తల్లులకి కబురందిందో లేదో" అంది. ఆ మాట నేను మరిచిపోలేదు.

మళ్ళీ కిటికీల దగ్గరికి వస్తాను. 4వ తేదీ పొద్దెక్కేసరికే కొట్లలో నల్లకాగితాలు అయిపోయాయి. కార్బన్ పేపర్లు కూడా దొరకలేదు. మామ్మ పాత దినపత్రికలు తియ్యమంది. మైదాపిండి గంజిలా ఉడకబెట్టి, బుడ్డి చిమ్నీల మసీ, నూరిన బొగ్గుపొడీ అందులో కలిపింది. బొద్దింకలు తినెయ్యకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, "ఇది విషం, వేళ్ళు నోట్లో పెట్టుకున్నారంటే చూడండి" అని మమ్మల్ని బెదిరించింది. కొబ్బరిపీచు కుంచెతో ఒక పొర కాగితం, దాని మీద మసిగంజి, మళ్ళీ ఇంకో పొర. మా కిటికీ రెక్కలు చెక్కవే. అయినా సముద్రపు గాలికి ఉబ్బి, ఎండకి చీలి, ఎక్కడపడితే అక్కడ సందులు. వాటన్నిటి మీదా లోపలివైపునుంచి అతికించాం. మిగిలిన రంగుటద్దాల మీద అడ్డంగా, నిలువుగా కాగితం పట్టీలు, పగిలినా ముక్కలు మీద పడకుండా.

"అమ్మవారే పైన కప్పు లేకుండా ఆకాశం కింద కూచుంది. మనకేటి భయం" అని అనుకుంటూనే మామ్మ ఒక్క సందు కూడా వదల్లేదు.

రాత్రిళ్ళు కుర్రాళ్ళు ఈలలేసుకుంటూ వీధులు తిరిగేవారు. ఏ ఇంటి తలుపు సందులోంచి గీతంత వెలుగు కనిపించినా "లైటు! లైటు!" అని కేకలు. మోటార్ల హెడ్‌లైట్లకి పైసగం నల్లరంగు. బళ్ళో సైరన్ మోగితే బోర్లా పడుకుని చెవులు మూసుకోవడం నేర్పారు. నిజం చెప్పాలంటే మాకు అందులో భయంకన్నా సరదానే ఎక్కువ. భయమంతా అమ్మది. నాన్న రోజూ ఆ రేవుకే వెళ్ళాలి. చీకట్లో అక్కడ ఏం చేస్తున్నారో, దీపాల సంగతేమిటో ఇంట్లో ఒక్క ముక్క చెప్పేవారు కాదు.

కాని ఆ పదమూడు రోజుల్లో ఇంట్లో ఇంకొకటి జరిగింది. దాన్ని గమనించింది అమ్మ ఒక్కతే.

నాన్న నిద్రపోయారు.

రాత్రి డ్యూటీ మనిషి పగటి నిద్ర ఎలా ఉంటుందో ఆ ఇంట్లో పెరిగినవాళ్ళకే తెలుసు. ఏడింటికి ఇల్లు చేరి, స్నానం చేసి, ఇంత చద్దన్నం తిని, కళ్ళ మీద తడి తువ్వాలు కప్పుకుని పడుకునేవారు. అప్పటికి వీధి లేస్తుంది. ఉప్పు బండి, చేపల తట్టలు, కళాయి పూతలవాడు, బడికెళ్ళే పిల్లలు. కిటికీ సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా మంచం మీద పడి, పొద్దెక్కేకొద్దీ ఆయన ముఖం మీదికి పాకేవి. ఆయన అటు దొర్లేవారు. గీత కూడా వెనకాలే వచ్చేది. పదకొండింటికి లేచి కూచుని, ఎర్రటి కళ్ళతో గోడకేసి చూస్తూ ఉండేవారు. ముందు ఏడు వానాకాలంలో నిద్రమత్తులోనే క్రేను నిచ్చెన మెట్టు తప్పి, మోకాలు వాచి నెల్లాళ్ళు మంచం దిగలేదు. మెట్టు తడిగా ఉందని అందరికీ చెప్పారు. అమ్మకి మాత్రం నిజం చెప్పారు.

నల్లకాగితాలు అతికించిన మూడోరోజో నాలుగోరోజో, మధ్యాహ్నం రెండైనా ఆయన లేవలేదు. అమ్మ కంగారుపడి తలుపు ఓరగా తీసి, చీకట్లో తడుముకుంటూ వెళ్ళి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి నిండుగా ఆడుతోంది. బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసి, వంటింట్లో కూచుని ఏడ్చింది. ఎందుకేడుస్తోందో మాకు అర్థం కాలేదు. "మీ నాన్న నిద్రపోయారే" అంది, అంతే.

డిసెంబరు 16న, మళ్ళీ మార్గశిర గురువారమే, ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది. వీధిలో బాణసంచా కాల్చారు. మర్నాటినుంచి ఇంటింటా కాగితాలు చింపడమే పని. మేం పిల్లలం వాటిని గోనెల్లో కుక్కి భోగిమంట కోసం దాచాం. మా ఇంటికీ వచ్చారు పిల్లలు. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, చూపుడువేలు పెదాల మీద పెట్టుకుని, లోపలికి చూపించింది. అలా ఆ సంక్రాంతికి వీధంతా కిటికీలు తెరుచుకున్నాయి, మావి తప్ప.

దానివల్ల మాకు ఇబ్బంది లేదని అనను. ఇంట్లో గాలొచ్చే గది అదొక్కటే. అది పోయింది. వేసవిలో ఉడుకెత్తిపోయేది. నాన్నకి పగటి డ్యూటీ పడిన వారాల్లో కూడా కాగితాలు ఉండేవి, ఊడదీసి మళ్ళీ అతికించడం ఎవరివల్ల అవుతుంది? నేనూ అక్కా చదువంతా అరుగు మీదే కానిచ్చాం. ఉప్పుగాలికి కాగితం అంచులు లేచిపోయేవి. ఏడాదికి రెండుసార్లు అమ్మ మైదా ఉడకబెట్టేది. ఇప్పటికీ ఎక్కడైనా ఉడికిన మైదా వాసన తగిలితే నాకు నాన్న గుర్తొస్తారు.

ఆ గదిలోనే నేనొక అద్భుతం చూశాను. పదకొండేళ్ళప్పుడు అనుకుంటాను, నాన్న లేచారేమో చూసి రమ్మంటే వెళ్ళాను. ఎదురుగోడ మీద ఏదో కదులుతోంది. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక చూస్తే, మా వీధి! తలకిందులుగా. ఎదురింటి పెంకులు కింద, నేల పైన. ఒక రిక్షా చక్రాలు పైకి పెట్టుకుని గోడ మీద నెమ్మదిగా దొర్లిపోతోంది. ఒకామె ఆకుపచ్చ చీర కట్టుకుని తలకిందులుగా నడుస్తోంది, ఆ పచ్చరంగు కూడా కనిపిస్తోంది, నీళ్ళలో కలిపినట్టు పల్చగా. నాకు కాళ్ళు ఆడలేదు.

"భయపడకు, ఇలా రా" అన్నారు నాన్న. మెలకువగానే ఉన్నారు. కిటికీ రెక్కలో ఒకచోట చెక్కముడి ఊడిపోయి రూపాయి బిళ్ళంత కన్నం ఉండేది. దాని మీది కాగితానికి ఎప్పుడో సూది మొనంత చిల్లు పడింది. ఆ చిల్లులోంచే వీధంతా గోడ మీదికి వస్తోంది. పైనున్న వెలుగు చిల్లులోంచి కిందికి, కిందిది పైకి పోతుంది కాబట్టి బొమ్మ తిరగబడుతుందని చేతివేళ్ళు అడ్డంగా పెట్టి చూపించారు. కెమెరా కూడా ఇంతేనట. చిల్లు ఆయనకి ఎప్పుడో తెలుసు. అమ్మ చూస్తే అతికించేస్తుందని చెప్పలేదట.

"నిద్ర పట్టనప్పుడు మిమ్మల్నందర్నీ ఇక్కడే చూస్తుంటాను. నువ్వు బడినుంచి వచ్చేది, అక్క నీళ్ళు మోసేది" అన్నారు.

మేం బయటినుంచి చూస్తే అది నల్లగా మూసేసిన కిటికీ. లోపల ఆయన మంచం మీద పడుకుని మా అందరినీ చూస్తున్నారు. ఆ చిల్లు సంగతి నేనూ అమ్మకి చెప్పలేదు.

వీధి మాత్రం ఏదో ఒకటి అనుకోవాలి కదా. యుద్ధం భయం ఇంకా వదల్లేదనుకున్నారు కొన్నాళ్ళు. తర్వాత అద్దెకొచ్చినవాళ్ళకి యుద్ధం సంగతి తెలీదు. వాళ్ళు లోపల క్షయ రోగి ఉన్నారనుకున్నారు. మతిస్థిమితం లేని ఆడపిల్లని దాచారన్న మాట కూడా పుట్టిందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మూసిన కిటికీని చూస్తే మనిషి మనసు ముందు చెడువైపే పోతుంది. ఆ రోజుల్లో మా చుట్టుపక్కలే ఎన్ని రకాల మూసిన కిటికీలుండేవో! ఎండాకాలం ఆఫీసు గదులకి వట్టివేళ్ళ తట్టీలు కట్టి నీళ్ళు చల్లేవారు, ఆ పక్కగా పోతుంటేనే ప్రాణం లేచొచ్చేది. ఫోటో స్టూడియో వెనకగదికి కిటికీ ఉన్నా నల్లరంగు పూసేవారు, లోపల ఎర్రబల్బు కింద ఫోటోలు కడిగేవారు. కంటి శుక్లాల ఆపరేషన్ అయిన ముసలాయన గదికి దుప్పటి. పురుడొచ్చిన ఇంట్లో గాలి తగలకుండా పాతచీర. వీటిలో ఒక్కటైనా చెడ్డది ఉందా? లోపల ఎవరో ఒకరికి వెలుగు పనికిరాని వేళ, అంతే.

1979లో అక్కని చూసుకోవడానికి విజయనగరం వైపునుంచి ఒక సంబంధంవాళ్ళు వచ్చారు. అరుగు మీద జంపఖానా వేసి కూచోబెట్టాం. పెళ్ళికొడుకు పెదనాన్నగారు కాఫీ తాగుతూ రెండు మూడుసార్లు కిటికీలకేసి చూశారు. చివరికి "ఆ గదిలో ఎవరమ్మా?" అన్నారు. నాన్న ఆ పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చి, పెద్ద చొక్కా వేసుకుని వాళ్ళ పక్కనే కూచుని ఉన్నారు. "నేనేనండీ" అన్నారు. ఆ మాట వాళ్ళకి ఎలా వినబడిందో ఏమో. కబురు చేస్తామని వెళ్ళారు, చెయ్యలేదు. కారణం కిటికీలేనని ఎవరూ అనలేదు. కాని మధ్యవర్తి అమ్మని పక్కకి పిలిచి "ఆ నల్లకాగితాలు తీసెయ్యకూడదా వదినా, చూసేవాళ్ళకి బాగోదు" అన్నాడు.

ఆ రాత్రి నాన్న డ్యూటీకి వెళ్ళాక అమ్మ లాంతరు పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళింది. చాకుమొన కాగితం అంచు కిందికి దూర్చింది. కొంత ఊడింది కూడా. పొరల కింద 1971 నాటి అక్షరాలు బయటపడ్డాయి. అక్క వెనకాలే వెళ్ళి అమ్మ చేతిలోంచి చాకు తీసుకుంది.

"ఈ కిటికీలు చూసి వెళ్ళిపోయేవాళ్ళింటికి నేను వెళ్ళను. మైదా ఎక్కడుందమ్మా?" అంది.

ఆ రాత్రి పదింటికి ముగ్గురం కూచుని మళ్ళీ అతికించాం. తర్వాతి ఏడాదే అక్కకి పెళ్ళయింది. బావగారు మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు గది తలుపు వేసి ఉండటం చూసి, ఎవరూ చెప్పకుండానే చెప్పులు వీధిలోనే విడిచి, మెల్లగా లోపలికి నడిచారు. అమ్మకి ఆయనంటే చివరిదాకా ఒక ప్రత్యేకమైన ఇష్టం ఉండేది.

1992లో నాన్న రిటైరయ్యారు. నేను పాపని తీసుకుని వెళ్ళాను. అమ్మ రెండు రోజులు కాగితాలకి వేడినీళ్ళు పట్టించి, అట్లకాడతో గీకింది. ఇరవయ్యొక్క ఏళ్ళ పొరలు అట్టలా ఊడొచ్చాయి. రెక్కలు తీస్తే గది చిన్నదిగా కనిపించింది, గోడకి సున్నం ఎంత పాతబడిందో తెలిసింది. నాన్న మంచం మీద కూచుని కిటికీలోంచి వీధిని చూస్తూ, "అన్నీ నిటారుగా ఉన్నాయి" అన్నారు నాకేసి చూసి. ఆ మాట మా ఇద్దరికే తెలుసు. ఆ తర్వాత చాలా నెలలు ఆయనకి రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు. వీధరుగు మీద కూచుని తెల్లార్లూ సముద్రంగాలి పీల్చేవారు.

ఇప్పుడు నేను హైదరాబాదులో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఎదురు బ్లాకు మూడో అంతస్తులో అద్దెకున్న కుర్రాళ్ళు కిటికీ అద్దాలకి వంటింట్లో వాడే వెండికాగితం అతికించారు. పగలల్లా అది ఎండకి మెరుస్తూ ఉంటుంది. నెల తిరక్కుండా వాట్సాప్ గ్రూపులో మొదలైంది. ఏదో తేడాగా ఉందని ఒకరు, పగలు తలుపే తియ్యరని ఒకరు, లోపల ఏం పెంచుతున్నారో చూడాలని ఇంకొకరు. ఓనరుకి చెప్పి ఖాళీ చేయిద్దామనేదాకా వెళ్ళింది. చదువుతుంటే నాకు టెన్షన్ వచ్చేసింది.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి పాలప్యాకెట్లకి దిగితే, గేటు దగ్గర క్యాబులోంచి ఒకబ్బాయి దిగుతున్నాడు. మెడలో ఐడీ కార్డు, భుజాన బ్యాగు. ముఖం చూశాను. ఆ కళ్ళు నాకు తెలుసు. చుట్టూ ఎర్రగీత, మధ్యలో ఎటూ చూడని చూపు.

"రాత్రి డ్యూటీయా నాన్నా?" అన్నాను.

ఆగాడు. "అవునాంటీ. యూఎస్ షిఫ్ట్. రెండేళ్ళయింది."

"నిద్ర పడుతోందా?"

ఎవరూ అడగని మాట అడిగినట్టు చూశాడు. "ఫాయిల్ వేశాక కొంచెం నయం ఆంటీ. కాని ఈ బండ్ల మైకులే..." అని చెయ్యి ఊపి, నవ్వడానికి ఓపిక లేక వెళ్ళిపోయాడు.

ఆ రోజు గ్రూపులో నేను మొదటిసారి రాశాను. నాలుగే వాక్యాలు, వేలితో కొట్టడానికి అరగంట పట్టింది. మా నాన్న గురించి రాశాను. ఎవరూ జవాబు పెట్టలేదు. కాని ఖాళీ చేయించే మాట కూడా మళ్ళీ రాలేదు.

పదింటికి కూరగాయల బండి వచ్చింది. రికార్డు చేసిన గొంతు, "టమాటా, వంకాయ, బెండకాయ" అని గోడలు అదిరేలా. నేను బాల్కనీలోకి వెళ్ళి చెయ్యి ఊపాను. బండబ్బాయి బేరమనుకుని తలెత్తాడు. చూపుడువేలు పెదాల మీద పెట్టుకుని, ఎదురు బ్లాకు మూడో అంతస్తు చూపించాను. అతను ఆ మెరిసే కిటికీకేసి చూశాడు, నాకేసి చూశాడు. చెయ్యి చాచి మైకు ఆపేశాడు. బండిని గేటు దాకా నెమ్మదిగా తోసుకెళ్ళి, అక్కడ వేపచెట్టు కింద నిలబెట్టుకున్నాడు. నేను చెప్పులేసుకుని, సంచి తీసుకుని కిందికి దిగాను.